పీహెచ్‌డీ సీటు కన్నా ముందు వేయాల్సిన లెక్కలు

ఒకే ల్యాబ్‌లో పక్కపక్క బల్లల దగ్గర ఇద్దరు స్కాలర్లు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నారనుకోండి. ఒకరికి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. రెండోవారికి 8,000. ఇద్దరూ పొద్దున్నుంచి రాత్రి దాకా చేసేది ఒకే పని. చివరికి అందుకునేదీ ఒకే పట్టా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ తేడా కొత్త సంగతి కాదు. మొదటివారు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నారు. రెండోవారు జేఆర్‌ఎఫ్ లేకుండా చేరి యూజీసీ ఇచ్చే ‘నాన్‌నెట్’ ఫెలోషిప్ మీద నెట్టుకొస్తున్నారు. అదే ఏ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనో చేరి ఉంటే ఆ 8,000 కూడా రాకపోవచ్చు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ పీహెచ్‌డీ మాట రాగానే అడిగేది ‘ఏ యూనివర్సిటీలో?’ అని. నా ఉద్దేశంలో అది మూడో ప్రశ్న కావాలి. నెలనెలా డబ్బు ఎవరిస్తారు, ఎన్నేళ్లిస్తారు అన్నది మొదటిది. గైడు ఎవరన్నది రెండోది. మన దేశంలో అడ్మిషన్, ఫెలోషిప్, గైడు అనే ఈ మూడూ చాలాసార్లు మూడు వేరువేరు చోట్ల తేలతాయి. ఒకటి దొరికితే మిగతా రెండూ వాటంతటవే వస్తాయనుకుని చేరినవాళ్లు రెండో ఏడాదికల్లా ఇబ్బందిలో పడుతున్నారు.

37,000 ఎలా వచ్చింది, ఎన్నాళ్లుంటుంది

2010లో జేఆర్‌ఎఫ్ నెలకు 16,000. 2014 అక్టోబర్ నుంచి 25,000. 2019 జనవరిలో 31,000. 2023 జూన్‌లో వచ్చిన ఉత్తర్వుతో 37,000 అయింది. ఆ ఏడాది జనవరి 1 నుంచే లెక్కగట్టారు. 2014 పెంపుకూ, 2019 పెంపుకూ ముందు దేశమంతా స్కాలర్లు ధర్నాలు చేయాల్సి వచ్చిందని గుర్తుంచుకోవాలి. ధరలతో పాటు ఏటా పెరిగే ఏర్పాటు ఈ ఫెలోషిప్‌కు లేదు. నాలుగైదేళ్లకోసారి ఒక్కసారిగా పెరుగుతుంది. ఇప్పుడు చేరేవాళ్లు తమ అయిదేళ్లలో ఒక్క పెంపుకు మించి ఆశించకూడదు.

జేఆర్‌ఎఫ్ రెండేళ్లు. ఆ తరవాత పని చూసి సీనియర్ ఫెలోషిప్, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్ ఇస్తారు, అది 42,000. మొత్తం కలిపి అయిదేళ్లు. మొదటి 24 నెలలకు 8 లక్షల 88 వేలు, తరవాతి 36 నెలలకు 15 లక్షల 12 వేలు. కలిపితే సరిగ్గా 24 లక్షలు. హాస్టల్‌లో ఉండనివాళ్లకు ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. అది నగరం స్థాయిని బట్టి మారుతుంది. కేంద్ర ఉద్యోగుల లెక్కలో హైదరాబాద్ మొదటి శ్రేణి నగరం. అక్కడ 2024 నుంచి భత్యం 30 శాతం. ఆ లెక్కన 37,000 మీద 11,100 కలిసి నెలకు 48,100 అవుతుంది. విశాఖపట్నం, విజయవాడ, వరంగల్ రెండో శ్రేణి కాబట్టి అక్కడ 20 శాతం. అద్దెల్లో తేడా కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి దీన్ని బట్టి ఊరు ఎంచుకోనక్కర్లేదు. హాస్టల్ దొరుకుతుందా లేదా అన్నది మాత్రం ముందే కనుక్కోవాలి.

ఇక పరీక్ష. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో అయిదు పేపర్లు: రసాయన, భౌతిక, జీవ, గణిత శాస్త్రాలు, అయిదోది భూమి-వాతావరణం-సముద్రం-గ్రహాలకు సంబంధించినది. మూడు గంటలు, 200 మార్కులు, ఏడాదికి రెండుసార్లు. 2024 జూన్ నుంచి ఈ పరీక్షలో పాసైనవాళ్లను మూడు రకాలుగా విడదీస్తున్నారు. మొదటి రకం జేఆర్‌ఎఫ్, దాంతోపాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండో, మూడో రకంలో వచ్చినవాళ్లకు విశ్వవిద్యాలయాలు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇచ్చి సీటు ఇస్తాయి. ఆ స్కోరు ఏడాది మాత్రమే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ చాలు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘నెట్ క్వాలిఫై అయ్యాను’ అన్న సంతోషంలో ఏ రకంలో అయ్యామన్నది చూసుకోరు. రెండో, మూడో రకాలు సీటుకు దారి చూపుతాయి. నెలకు రూపాయి కూడా తేవు. ఆ ర్యాంకుతో చేరేముందు సంస్థ సొంతంగా ఫెలోషిప్ ఇస్తుందా అని అడగండి. మాటగా చెప్పింది కాకుండా అడ్మిషన్ ఉత్తర్వులో ఎంత, ఎన్నేళ్లు అని రాసి ఉందో లేదో చూడండి.

పరీక్ష తేదీలు కూడా మన చేతిలో ఉండవు. 2024 జూన్ 25 నుంచి 27 వరకు జరగాల్సిన ఈ నెట్‌ను నాలుగు రోజుల ముందు, 21న వాయిదా వేశారు. జూలై ఆఖరు వారంలో పెట్టారు. ఆలోగా కొన్నిచోట్ల ప్రవేశాల గడువే ముంచుకొచ్చింది. అందుకే ఒక్క పరీక్ష మీదే సంవత్సరమంతా పెట్టుకోకూడదని గట్టిగా చెబుతాను.

నెట్ కాకుండా ఉన్న తలుపులు

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీలు, చాలా జాతీయ సంస్థలు దాన్ని పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు అర్హతగా తీసుకుని, ఎంపికైనవాళ్లకు సంస్థ తరఫునే జేఆర్‌ఎఫ్ స్థాయి ఫెలోషిప్ ఇస్తాయి. ఫిజిక్స్ వాళ్లకు జెస్ట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్, అంటే టీఐఎఫ్‌ఆర్, గ్రాడ్యుయేట్ స్కూల్ పేరుతో సొంత పరీక్ష పెడుతుంది. హైదరాబాద్ గోపన్‌పల్లిలోని దాని శాఖలో చేరడానికీ అదే దారి. జీవశాస్త్రం వాళ్లకు జేజీఈఈబీఐఎల్‌ఎస్ ఉంది. బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే ఫెలోషిప్‌కు బెట్ ఉంది. యూనివర్సిటీలో ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు పెట్టుకోవచ్చు. ఏటా గరిష్ఠంగా 1,000 మందికి ఇస్తారు. నన్నయ, యోగి వేమన, పాలమూరు లాంటి చిన్న విశ్వవిద్యాలయాల్లో ఫస్ట్ వచ్చిన పిల్లలు దీని గురించి వినకుండానే బీఈడీలో చేరిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. ర్యాంకు అంటే ఆ యూనివర్సిటీలో ర్యాంకే. దేశంలో ఎన్నోదన్నది అడగరు.

ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు ప్రత్యేక జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఏటా ఎస్సీలకు 2,000, ఓబీసీలకు 1,000, ఎస్టీలకు 750. వీటిలోనూ మొత్తం జేఆర్‌ఎఫ్‌తో సమానమే. ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌లకు నెట్ ఫలితమే ఆధారం. ఎస్టీ ఫెలోషిప్ గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ విడిగా పిలిచి, పీజీ మార్కుల మీద ఇస్తుంది. అంటే నెట్‌లో జేఆర్‌ఎఫ్ రాని ఎస్టీ విద్యార్థికి ఇంకో పూర్తి అవకాశం ఉన్నట్టే.

అన్నిటికన్నా పెద్ద మొత్తం ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌ది. మొదటి రెండేళ్లు 70,000, మూడో ఏడు 75,000, చివరి రెండేళ్లు 80,000. అయిదేళ్లకు 45 లక్షలు. దానికి తోడు పరిశోధన ఖర్చులకు ఏటా 2 లక్షలు. 2025 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే అయిదేళ్లకు ఇలాంటివి 10,000 ప్రకటించారు. సంఖ్య ఘనంగానే ఉంది గానీ సగటున ఏడాదికి 2,000, అదీ ఇంజనీరింగ్‌తో కలిపి. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు 2 లక్షల 13 వేల మంది. 2014-15లో 1 లక్షా 17 వేలు. అదే ఏడేళ్లలో ఆడపిల్లల సంఖ్య 48 వేల నుంచి 99 వేలకు పెరిగింది. నూటికి 46 మంది వాళ్లే. ఇంతమందిలో నెలకు ఎనభై వేలు అందుకునేవాళ్లు గుప్పెడే.

మరో దారి ప్రాజెక్టు ఉద్యోగం. ఒక శాస్త్రవేత్తకు ప్రభుత్వ నిధులతో ప్రాజెక్టు మంజూరవుతుంది. అందులో ఒకరిద్దరిని తీసుకోవడానికి డబ్బుంటుంది. ప్రాజెక్ట్ అసోసియేట్-1 పోస్టుకు నెట్, గేట్ లాంటి అర్హత ఉంటే 37,000, లేకపోతే 30,000. అద్దె భత్యం అదనం. నోటిఫికేషన్ సంస్థ వెబ్‌సైట్‌లో ఓ మూల కనిపిస్తుంది. దరఖాస్తుకు రెండు మూడు వారాలే గడువు, కొన్నిసార్లు నేరుగా వాక్-ఇన్ ఇంటర్వ్యూ. పేపర్లో ప్రకటన పడుతుందని ఎదురుచూస్తే దొరకదు. ఎమ్మెస్సీ పాసై నెట్‌కు కూర్చోవాలనుకునే పిల్లలకు ఇంట్లో ఏడాది చదవడం కన్నా ఇది మేలని నా అభిప్రాయం. పరికరాల మీద చేయి తిరుగుతుంది, సిఫార్సు లేఖ రాసే మనిషి దొరుకుతారు, పరిశోధన మనకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రాజెక్టు గడువు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ‘చేరు, తరవాత పీహెచ్‌డీకి మారుద్దాం’ అని ఎవరైనా అంటే ఏ నోటిఫికేషన్ కింద, ఏ ఫెలోషిప్ మీద మారుస్తారో అక్కడే అడగాలి.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా

హైదరాబాద్‌లో ఉంటూ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే కొద్ది కిలోమీటర్ల దూరంలో పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, 1944లో మొదలైన ఐఐసీటీ, 1961 నాటి భూభౌతిక సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1977లో పుట్టిన సీసీఎంబీ, ఉప్పల్ దగ్గర డీఎన్‌ఏ కేంద్రం సీడీఎఫ్‌డీ వరుసగా ఉన్నాయి. పడమటి వైపు హెచ్‌సీయూ, టీఐఎఫ్‌ఆర్, జంతు బయోటెక్నాలజీ సంస్థ ఎన్‌ఐఏబీ, పటాన్‌చెరులో ఇక్రిశాట్, కందిలో ఐఐటీ. తిరుపతిలో 2015 నుంచి ఐసర్, ఐఐటీ రెండూ నడుస్తున్నాయి. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని ల్యాబులున్న నగరాలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వీటిలో సీఎస్‌ఐఆర్ ల్యాబులు, అంటే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, తమంతట తాము పట్టా ఇవ్వవు. 2011 చట్టంతో ఏర్పడిన ఏసీఎస్‌ఐఆర్ అనే సంస్థ పట్టా ఇస్తుంది. అక్కడ ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు, జనవరి, ఆగస్టు సెషన్లకు. ఆగస్టు తప్పిపోయినవాళ్లు మళ్లీ ఏడాది ఆగనక్కర్లేదు, అయిదు నెలలు ఆగితే చాలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే ఏపీఆర్‌సెట్ ఉంది. పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాక ఫెలోషిప్ సొంతంగా చూసుకోవాలన్నది మాత్రం మరువకూడదు. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉన్నవాళ్లకు రాష్ట్ర విశ్వవిద్యాలయం తీసిపారేసేది కాదు. ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియాల్లో కొందరు గైడులు పెద్ద సంస్థల్లోవాళ్లకు దీటైన పని చేస్తున్నారు. ఫెలోషిప్ లేకుండా, గైడు ఎవరో తెలియకుండా, దగ్గరగా ఉందని చేరడమే ప్రమాదం.

గైడును లెక్కపెట్టడం

యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, దివ్యాంగులకు ఇంకో రెండేళ్లు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకూ ఈడబ్ల్యూఎస్ వారికీ 5 శాతం సడలింపు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు 75 శాతంతో నేరుగా చేరొచ్చు. థీసిస్‌కు ముందు పేపరు ప్రచురించి తీరాలన్న పాత షరతు ఇప్పుడు యూజీసీది కాదు, అయినా కొన్ని సంస్థలు తమ నియమంగా పెట్టుకుంటున్నాయి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫెలోషిప్ అయిదేళ్లు. గరిష్ఠ గడువు ఆరేళ్లు, సాగదీస్తే ఎనిమిది. ప్రయోగాల మీద ఆధారపడే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ల్యాబుల్లో ఆరో ఏడు పడటం మామూలే. ఆ ఏడాదికి డబ్బెక్కడిది? ఇల్లు గడపాల్సిన పిల్లలు థీసిస్ సగంలో వదిలేసి ఉద్యోగంలో చేరేది సరిగ్గా ఈ ఖాళీలోనే.

అందుకే గైడును ఎంచుకునేటప్పుడు ఆయన ఎన్ని పేపర్లు రాశారో చూసే ముందు, ఆయన దగ్గర చేరినవాళ్లలో ఎందరు పూర్తిచేశారు, ఎన్నేళ్లకు చేశారు అని లెక్కపెట్టాలి. ఇది అంత కష్టమేమీ కాదు. చాలా ల్యాబులు తమ పేజీలో పాత విద్యార్థుల పేర్లు, చేరిన, ముగించిన సంవత్సరాలు పెడతాయి. సమర్పించిన థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉంటాయి. గైడు పేరుతో వెతికితే ఏ ఏడాది ఎవరు ముగించారో కనిపిస్తుంది. పదేళ్లుగా నడుస్తున్న ల్యాబ్ నుంచి ఇద్దరే బయటకొచ్చారంటే ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఈ లెక్క దొరకదు. అక్కడ చూడాల్సింది చేతిలో మంజూరైన ప్రాజెక్టు ఉందా, అది ఏ ఏడాది ముగుస్తుంది అన్నది. ఒక కెమికల్ కొనడానికి ఆరు నెలలు పట్టే చోట ఎంత తెలివైన స్కాలరైనా అయిదేళ్లలో బయటపడటం కష్టం. అది విద్యార్థి తప్పు కాదు.

ఇంటర్వ్యూ అయ్యాక, చేరే ముందు, ఆ ల్యాబ్‌లో నాలుగో, అయిదో ఏడు చదువుతున్నవాళ్లతో క్యాంటీన్‌లో ఒక గంట మాట్లాడండి. ఫెలోషిప్ ఏ నెల దాకా పడింది అని అడగండి. ఇది మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు. ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోవడం మన దగ్గర మామూలైపోయింది. 2016 జనవరిలో హెచ్‌సీయూ స్కాలర్ రోహిత్ వేముల మరణించినప్పుడు ఆయనకు అందాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ మిగిలే ఉంది. అప్పటి 25,000 చొప్పున 1 లక్షా 75 వేలు. ఆ విషాదానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇది ఒక్కటే కాదు. అయినా ఒక స్కాలర్ ఏడు నెలలు జీతం లేకుండా బతకాల్సి రావడం ఏ వ్యవస్థలోనూ చిన్న విషయం కాకూడదు. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరమని నేను చెప్పగలను. ఆ మాత్రం కూడా లేని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలే ఎక్కువని తెలిసే చెబుతున్నాను.

అమెరికాలో ఎమ్మెస్‌కు అప్పు, పీహెచ్‌డీకి జీతం

తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా వేలమంది అప్పు చేసి ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తున్నారు. సైన్స్ పీహెచ్‌డీకి అక్కడ సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తారని, దానికి ఎమ్మెస్ తప్పనిసరి కాదని ఆ ఇళ్లలో చాలామందికి తెలియదు. బదులుగా క్లాసులు చెప్పాలి, లేదా గైడు గ్రాంటు మీద పనిచేయాలి. అయిదారేళ్లు పడుతుంది. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబర్ మొదటి పక్షంలో ముగుస్తుంది. ఒక్కో దరఖాస్తుకు చాలాచోట్ల 75 నుంచి 125 డాలర్ల ఫీజు. పదింటికి పెడితే ఇక్కడి రెండు నెలల జేఆర్‌ఎఫ్ దాటిపోవచ్చు. కాబట్టి ఏరి ఆరేడింటికి పెట్టడం, ఫీజు మాఫీ అడగడం మంచిది. డబ్బుతో కూడిన ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పాలని ఒత్తిడి చేయకూడదన్నది అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల ఉమ్మడి ఒప్పందం. ఫిబ్రవరిలో ఒకరు ఫోన్ చేసి రెండు రోజుల్లో చెప్పమంటే, మీకు గడువుందని మర్యాదగా గుర్తుచేయొచ్చు.

2025లో పరిస్థితి బిగిసింది. ఫెడరల్ నిధుల కోతతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. మసాచుసెట్స్ యూనివర్సిటీకి చెందిన చాన్ మెడికల్ స్కూల్ ఇచ్చిన ఆఫర్లనే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు అక్కడికి పెట్టేవాళ్లు యూరప్‌లో కూడా రెండు మూడు చోట్ల పెట్టుకోవడం వివేకం.

జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ప్రకటనలో ‘టీవీ-ఎల్ ఇ13, 65 శాతం’ అని ఉంటే అది ప్రభుత్వ జీతాల పట్టికలో 13వ తరగతి, అందులో 65 శాతం జీతం అని అర్థం. 2025లో ఆ తరగతి తొలి మెట్టు పూర్తి జీతం నెలకు సుమారు 4,600 యూరోలు. 65 శాతం అంటే పన్నులకు ముందు 3,000 దగ్గర. అక్కడికి వెళ్లే విద్యార్థులు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాల్సిన 11,904 యూరోలు ఇలా జీతం సరిపోయే ఒప్పందం ఉన్నవాళ్లకు అక్కర్లేదు. పీహెచ్‌డీ తరవాత చేసే పోస్ట్‌డాక్ ప్రకటనల్లో మామూలుగా 100 శాతం ఉంటుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండళ్ల కనీస స్టైపెండ్ 2025-26కు ఏడాదికి 20,780 పౌండ్లు. కానీ ఆ నిధులతో తీసుకునే ఒక్కో బ్యాచ్‌లో విదేశీయులు 30 శాతం మించకూడదు. పైగా విదేశీ ఫీజుకూ స్వదేశీ ఫీజుకూ ఉన్న తేడా ఎవరు భరిస్తారో అడగకుండా ఒప్పుకోకూడదు.

పోస్ట్‌డాక్: పట్టా వచ్చాక మళ్లీ వెతుకులాట

పీహెచ్‌డీ తరవాత మన దేశంలో రీసెర్చ్ అసోసియేట్‌కు మూడు మెట్లు: 58,000, 61,000, 67,000. యూజీసీ రాధాకృష్ణన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లు 900; నెలకు 50,000, మూడేళ్లు, ముప్పై శాతం మహిళలకు. నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ రెండేళ్లు, 35 ఏళ్లలోపు వారికి, మహిళలకూ రిజర్వుడ్ వర్గాలకూ అయిదేళ్ల సడలింపు. ఒకప్పుడు సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన బోర్డు, అంటే సెర్బ్ ఇచ్చేది. 2023 చట్టంతో వచ్చిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో సెర్బ్ కలిసిపోయింది. ఆ పై మెట్టులో ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ 1,25,000, విదేశాల నుంచి తిరిగొచ్చేవారికి రామానుజన్ ఫెలోషిప్ 1,35,000. రెండూ అయిదేళ్లు, రెండింటికీ ఏటా 7 లక్షల పరిశోధన నిధి. జీవ, వైద్య శాస్త్రాలవాళ్లకు పెద్ద గ్రాంట్లిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

బయట దేశాల్లో అమెరికా ఎన్‌ఐహెచ్ 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కు నిర్ణయించిన కనీస స్టైపెండ్ ఏడాదికి 61,008 డాలర్లు. అది వాళ్ల శిక్షణ గ్రాంట్లకు పెట్టిన లెక్కే అయినా చాలా విశ్వవిద్యాలయాలు దాన్నే కొలతగా తీసుకుంటాయి. బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో కుటుంబంతో బతకడానికి అది చాలీచాలని మొత్తం. చిన్న ఊళ్లో హాయిగా సరిపోతుంది. వీసా లెక్క కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. పోస్ట్‌డాక్‌లు ఎక్కువమంది వెళ్లే జె-1కు అది వర్తించదు. జె-1 మీద పరిశోధకులు అయిదేళ్ల దాకా ఉండొచ్చు. 2024 డిసెంబర్‌లో నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తొలగించారు కాబట్టి, ఆ జాబితా కారణంగా రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు ఇప్పుడు మనవాళ్ల మీద లేదు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్లకు మాత్రం ఉంటుంది.

యూరప్‌లో అందరూ గురిపెట్టేది మేరీ క్యూరీ ఫెలోషిప్. 2024లో 10,360 దరఖాస్తులు, ఎంపికైనవి 1,696. నూటికి పదహారు. 2025లో దరఖాస్తులు 17,058కి ఎగబాకాయి. ఒక్క ఏడాదిలో దాదాపు 65 శాతం ఎక్కువ. డబ్బు ఆ లెక్కన పెరగలేదు. మంచి ప్రతిపాదన రాసి కూడా దొరకకపోతే అది మన లోపమని కుంగిపోనక్కర్లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. అదే ప్రతిపాదనను మెరుగుపరిచి మరోచోట పెట్టాలి. జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్ నెలకు 3,62,000 యెన్‌లు, పీహెచ్‌డీ వచ్చిన ఆరేళ్లలోపు, గరిష్ఠంగా రెండేళ్లు. దీనికి పెట్టుకునే తెలుగువాళ్లు ఇంకా పెరగాలని నా కోరిక.

అయితే ఫెలోషిప్‌ల కన్నా ఎక్కువ పోస్ట్‌డాక్‌లు ఉత్తరం ద్వారా దొరుకుతాయి. ఒక ప్రొఫెసర్‌కు నేరుగా రాస్తారు, ఆయన దగ్గర గ్రాంటు ఉంటే మాట్లాడతారు. రెండు వందల మందికి ఒకే ఉత్తరం పంపేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ‘గౌరవనీయులైన సర్’ అని మొదలై తన మార్కులన్నీ చెప్పే ఆ ఉత్తరం రెండో వాక్యం దాకా కూడా చదవరు. పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరివి ఈ రెండేళ్లలో వచ్చిన పేపర్లు రెండు చదవండి. వాటిలో తేలని ప్రశ్న ఏది, దానికి మీ చేతిలో ఉన్న ఏ పద్ధతి పనికొస్తుంది, ఎప్పటి నుంచి రాగలరు. ఈ మూడూ పదిహేను వాక్యాల్లో పడితే చాలు. రెజ్యూమే రెండు పేజీలు, సిఫార్సు చేసే ముగ్గురి పేర్లు. జవాబు రాకపోతే రెండు వారాల తరవాత ఒక్కసారి గుర్తుచేయండి.

ఇవన్నీ మొదలుపెట్టాల్సిన రోజు థీసిస్ ఇచ్చిన రోజు కాదు, దానికి ఏడాది ముందు. యూజీసీ నిబంధన ప్రకారం థీసిస్ అందిన ఆరు నెలల్లో వైవా ముగియాలి. మేరీ క్యూరీ దరఖాస్తు గడువు సెప్టెంబర్. ఆ రోజుకు వైవా పూర్తయి ఉండాలి. అంటే మార్చికల్లా థీసిస్ ఇచ్చేయాలి. ఫలితం మళ్లీ ఫిబ్రవరిలో. చేరేది ఆ తరవాత కొన్ని నెలలకు. థీసిస్ ఇచ్చిన నాటి నుంచి కొత్త ల్యాబ్‌లో అడుగుపెట్టేదాకా ఏడాది పైనే. ఆ వ్యవధిలో ఎస్‌ఆర్‌ఎఫ్ ఆగిపోయి ఉంటుంది. నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు థీసిస్ ఇచ్చి పట్టా కోసం ఎదురుచూస్తున్నవాళ్లూ దరఖాస్తు చేసుకునే వీలు సెర్బ్ కాలం నుంచి ఉంది. పట్టా వచ్చేదాకా తక్కువ మొత్తం ఇచ్చేవారు. అది కుదరనివాళ్లు గైడు ప్రాజెక్టులోనో, పక్క ల్యాబ్‌లోనో ఒక పోస్టు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ మాట థీసిస్ బైండింగ్‌కు వెళ్లేలోపే అయిపోవాలి.